పేరు గడిలో చుక్కలు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరిచాక నేను మొదట చేసే పని, రాత్రి నేను నిద్రలో ఉండగా ఎవరెవరు ఏమేం మార్చారో చూసుకోవడం. ప్రోగ్రాముల్లో జరిగే ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ అనే పనిముట్టు ఆ జాబితాను వరసగా పరిచిపెడుతుంది. ఒక్కో మార్పుకీ ఒక పేరు, తేదీ, టైము, ఆ టైము చివర చిన్న తోక. నేను చేసిన మార్పయితే ఆ తోక +0530. డాలస్‌లో ఉన్న మా టీమువాళ్లదయితే చలికాలంలో -0600, అక్కడ ఎండలు మొదలయ్యాక -0500. గుంటూరు బ్రాడీపేటలో మేడమీది గదిలో, ఫిబ్రవరి గాలితో కలిసొచ్చే మిర్చి ఘాటుకు తుమ్ముతూ రాసినా సరే, ఈ మనిషి ఏ గడియారం కింద కూర్చుందన్నది మాత్రమే అందులో పడుతుంది. తుమ్ములు రికార్డు కావు. ఇన్నాళ్లూ ఆ తోకలు చూసి మురిసిపోయేదాన్ని, ఎంత నిజాయితీగల లెక్క అని. ఈమధ్య ఒక పాత ఫైల్లో వడ్డీ లెక్క వింతగా కనపడి, ఆ వరసలు ఎవరివో చూపించమని అడిగాను. దానికొక కమాండ్ ఉంది, పేరు బ్లేమ్. ఏ వరసను చివరిసారి ముట్టుకున్నది ఎవరో పక్కన పేరు వేసి చూపిస్తుంది. చూపించింది. ఫైలు మొదటినుంచి చివరిదాకా ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే నిమిషం. వందల వరసలు ఒక మనిషి ఒక్క నిమిషంలో రాశాడట! కారణం రాయాల్సిన చోట "పాత సిస్టమ్ నుంచి తెచ్చాం" అన్న ముక్క. అంటే ఆయన రాయలేదు, మోసుకొచ్చి పెట్టాడు. రాసినవాళ్లెవరు? ఆ వడ్డీని అట్లా ఎందుకు లెక్కగట్టారు? ఆ నిమిషానికి ఇవతల జరిగిన ప్రతి కామా మార్పుకీ పేరుంది. అవతల గోడ.

ఇలాంటి గోడ మా ఒక్క ఆఫీసులోనే ఉందనుకుంటే ఊరుకునేదాన్నేమో. గిట్ పుట్టిన ఇంట్లోనే ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన తర్వాత పదేళ్లపాటు, ఎక్కడెక్కడి వాళ్లో పంపే మార్పులు ఆయనకు ఈమెయిళ్లలో వచ్చేవి. నచ్చినవి కలుపుకునేవాడు, కొన్ని మెయిళ్ల కుప్పలో పడి పోయేవి. 2002లో బిట్‌కీపర్ అనే కంపెనీ సరుకు వాడటం మొదలుపెట్టాడు, లైనక్స్ వాళ్లకు ఉచితంగా ఇచ్చారు కాబట్టి. 2005లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామరు ఆ సరుకు తమ సర్వరుతో ఎలా మాట్లాడుతుందో కూపీ లాగబోయాడు. కంపెనీకి కోపమొచ్చి, ఉచితం ఇక లేదంది. ఆ ఏప్రిల్ మొదటివారంలో టోర్వాల్డ్స్ తన పనిముట్టు తానే చేసుకోవడానికి కూర్చున్నాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన మార్పులను తానే దాచుకునే స్థితికొచ్చింది. అదే నెలలో, అదే అవసరానికి, మాట్ మాకల్ అనే ఇంకొకాయన మెర్క్యూరియల్ మొదలుపెట్టాడు. కోపంలోంచి ఒకే నెలలో రెండు పుట్టాయన్నమాట. ఏప్రిల్ 16న లైనక్స్ మొత్తాన్ని గిట్‌లోకి ఎక్కించారు. ఆ ఎక్కింపు దగ్గర టోర్వాల్డ్స్ ఒక సంగతి దాచకుండా రాశాడు: పాత చరిత్ర మా దగ్గరుంది గానీ దాన్నంతా ఇప్పుడు తగిలించే పని పెట్టుకోవడం లేదు, తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చని. ఫలితమేమిటంటే, ఈనాటికీ లైనక్స్‌లో 2005కు ముందునుంచి మారకుండా ఉన్న ఏ వరస ఎవరిదని అడిగినా బ్లేమ్ చూపించేది ఆ ఒక్క ఎక్కింపునే, టోర్వాల్డ్స్ పేరునే. ఫిన్లాండ్‌లో, జర్మనీలో, ఆస్ట్రేలియాలో కుర్రాళ్లు రాత్రుళ్లు కూర్చుని రాసినవన్నీ ఆయన ఖాతాలో! ఆయన కోరుకున్నదేం కాదు. గడి ఖాళీగా ఉంచడానికి గిట్ ఒప్పుకోదు, అంతే.

సంక్రాంతికి ఒంగోలు వైపు మా ఊరెళ్లినప్పుడు పెదనాన్న, "నీ ఉద్యోగం ఏందో ఇప్పటికీ నాకు బోధపళ్లేదమ్మాయ్" అన్నాడు. ఆయన సబ్ రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసి రిటైరైన మనిషి. ఒకే ప్రోగ్రాము మీద ఇక్కడ నేను, అక్కడ వాళ్లు, ఎవరిపాటికి వాళ్లం మార్చుకుంటూ పోతామని చెప్పేసరికి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అసలు కాపీ ఎవరి దగ్గరుంటది?" అందరి దగ్గరా ఉంటుంది పెదనాన్నా, అన్నాను. నవ్వాడు. "అదేం మాట! దేనికైనా ఒరిజినల్ అనేది ఒకటుండాలిగా." లేదు, పూర్వం అట్లాగే ఉండేది, ఒక యంత్రంలోనో సర్వరులోనో ఒకటే అసలు ప్రతి, మనకు కావలసిన ముక్క అడిగి తెచ్చుకోవడం, 1972 నాటి తొలి పనిముట్టు నుంచి ముప్పై ఏళ్లకు పైగా చాలామందిది అదే పద్ధతి. గిట్‌లో క్లోన్ అన్నామంటే ఇవాళ్టి ఫైళ్లొక్కటే కాదు, మొదటిరోజు నుంచి జరిగిన ప్రతి మార్పూ నా మిషన్లోకి దిగుతుంది. కరెంటు పోయినా, నెట్ పోయినా, ఆ సర్వరే తగలబడినా నా దగ్గరున్నదీ పూర్తి ప్రతే. మరి ఆ గిట్‌హబ్ అంటారే, అది? అది 2008లో పెట్టిన కంపెనీ, 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. అందరం అక్కడ కలుసుకుని ఇచ్చిపుచ్చుకుంటాం గానీ దాని దగ్గరున్నదీ ఒక ప్రతే, నాదానికన్నా అసలైందేం కాదు. (ఇది పూర్తి నిజమేనా అని నాకే అనుమానం. మా టీములో ఎవరూ నా మిషన్లోంచి తెచ్చుకోరు, అందరూ అక్కడినుంచే తెచ్చుకుంటారు. యంత్రం అందరినీ సమానం చేసినా మనుషులు ఒక పెద్దింటిని వెతుక్కుంటారేమో.) పెదనాన్న కాసేపు ఆలోచించి, రిజిస్ట్రేషన్‌లోనూ అంతేగదా అన్నాడు. ఒరిజినల్ దస్తావేజు కొన్నవాడి బీరువాలోకి పోతుంది, ఆఫీసులో ఉండేది నకలు. 1998లో కంప్యూటర్లు వచ్చిందాకా ఆ నకలును గుమాస్తాలు పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవాళ్లు. "రైతు ఇల్లు కాలిపోయినా ఆ పుస్తకం బతికించిద్ది. పుస్తకానికి చెదపడితే రైతు బీరువా బతికించిద్ది" అన్నాడు. నేను చెప్పలేకపోయింది ఆయనే చెప్పేశాడు.

ఆ తర్వాత బీరువా తెరిచి మా మెట్టచేను కాగితాలు బయటికి తీశాడు. పొగాకు వాసనేసే ముతక గుడ్డసంచి, అందులో లింకు డాక్యుమెంట్లు. పైనున్నది కొత్తది, ప్రకాశం జిల్లా అని ఉంది. దాని కిందది 1970కి ముందుది, అదే చేను, అవే నాలుగు హద్దులు, కానీ గుంటూరు జిల్లా ఒంగోలు తాలూకా అని ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు, ఇంచు కదలకుండా చేను జిల్లా మారింది. ప్రతి దస్తావేజులోనూ, అమ్మేవాడికి ఈ హక్కు ఎట్లా వచ్చిందో చెప్పడానికి అంతకుముందు దస్తావేజు నంబరు, సంవత్సరం వేస్తారు. ఆ నంబరు పట్టుకుని వెనక్కి, దాన్లోని నంబరు పట్టుకుని ఇంకా వెనక్కి. గిట్‌లో దాచిన ఒక్కో మార్పునూ కమిట్ అంటాం. మా కమిట్‌లూ సరిగ్గా అట్లాగే గొలుసు కట్టుకుంటాయి, ప్రతిదాని లోపలా దాని తల్లి నంబరు ఉంటుంది. తేడా ఒక్కచోటే. దస్తావేజు నంబరు గుమాస్తా వేస్తాడు; మాది నలభై అక్షరాల నంబరు, లోపలున్న రాతను, తల్లి నంబరును కలిపి లెక్కకడితే వస్తుంది. పదేళ్ల కిందటి కమిట్‌లో ఎవడైనా దొంగతనంగా ఒక్క సున్నా కలిపితే దాని నంబరు మారుతుంది, దాని పిల్లదీ మారుతుంది, ఇవాళ్టి దాకా అన్నీ మారి, నా దగ్గరున్న నంబర్లతో కలవక దొంగ దొరుకుతాడు. ఈ ముక్క చెప్పినప్పుడు పెదనాన్న కళ్లలో కనపడ్డ మెరుపు, నేను ఉద్యోగంలో చేరానన్నప్పుడు కూడా చూడలేదు. దొంగ లింకులతో ఎన్ని కాపురాలు కూలాయో ఆయన చూశాడు.

"ఎందాకా పోవచ్చు వెనక్కి?" అన్నాను. ఆర్‌ఎస్‌ఆర్ దాకా, అన్నాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో భూమి శిస్తు మళ్లీ కట్టినప్పుడు తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. మన కోస్తాలో వకీలైనా తహసీల్దారైనా చివరికి ఆగేది దాని దగ్గరే. సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరగతి, శిస్తు, పట్టాదారు పేరు. ఆ పేరు గడిలో కొన్ని నంబర్లకు పేరుండదు, వరసగా చుక్కలుంటాయి. ఆరోజు ఆ చేను ఎవరిదో చెప్పేవాడు రాలేదో, శిస్తు కట్టేవాడు దొరకలేదో, అడిగిన ఉద్యోగికి ఎండలో ఓపిక లేదో, అది ప్రభుత్వ నేలే అనుకున్నాడో. చుక్కలు పెట్టి కిందకి దిగాడు. తర్వాత వందేళ్లు జనం ఆ నేలను దున్నారు, అమ్మారు, కొన్నారు, పంచుకున్నారు. 2016లో అవన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధ జాబితాలో పడ్డాయి. చుక్కల భూములు అంటే ఒంగోలులో, నెల్లూరులో పసిపిల్లలకు కూడా తెలిసిపోయింది. 2017లో వాటికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చెయ్యాల్సొచ్చింది, 2023లో జాబితాలోంచి తీసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మధ్యకాలంలో కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకోలేకపోయినవాళ్ల కథలు పెదనాన్న దగ్గర ఎన్నో ఉన్నాయి. నాకు మాత్రం వింటున్నంతసేపూ మా పాత ఫైలే కళ్లముందుంది. చుక్కలు పెట్టడం నయమా, మోసుకొచ్చినవాడి పేరు వేసెయ్యడం నయమా? చుక్కలయితే కనీసం తెలియదన్న సంగతి తెలుస్తుంది. పేరు ఉంటే అడిగేవాడే ఉండడు. కానీ చుక్కలకు కట్టిన వెల చూశాక ఆ మాట గట్టిగా అనడానికి నోరు రావడం లేదు.

రాతలు ఇట్లా ఏదో ఒకచోట మొదలుకావడం, మొదలైనచోటికి వెనకున్నదంతా చీకటైపోవడం కాగితాలతోనే వచ్చిందా? పల్నాటి కథనే తీసుకుందాం. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు, కార్తీక అమావాస్యకు కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఇప్పటికీ వీరుల ఆరాధన జరుగుతుంది. ఒక్కొక్క గాయకుడి దగ్గరా కథ మొత్తం ఉంది, ఎవరిదీ అసలు ప్రతి కాదు. మా అత్తగారి ఊరు అటువైపే. వాళ్లింట్లో ఆ యుద్ధవీరుల్లో ఒకడైన బాలచంద్రుడి కథ చెప్పిన తీరు ఒకటి, పక్కూరివాళ్లు చెప్పింది ఇంకొకటి, ఇద్దరూ తప్పు అవతలివాళ్లదే అంటారు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం శ్రీనాథుడి పేరున ఉన్న పల్నాటి వీరచరిత్రను అచ్చువేశాడు. గొప్ప పని. ఆ పని జరిగాక చదువుకున్నవాళ్లకు కథంటే ఆ పుస్తకమే అయింది. 1974లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు వచ్చి అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడింది పాడినట్టు రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా వేస్తేగానీ, అచ్చుకు బయట ఇంకెంత కథ బతికి ఉందో మనలో చాలామందికి తోచలేదు. అందులో నాకు నచ్చేది గాలెయ్య పేరు ఉండటం. ఫలానా రోజు, ఫలానా మనిషి నోట, ఇది. ఇంకొకరు ఇంకోలా పాడి ఉండొచ్చన్న సంగతి ఆ పేరుతోనే వచ్చేస్తుంది. సి.పి. బ్రౌన్ దొర కూడా కావ్యాల తాళపత్ర ప్రతులు దొరికినన్ని తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పాఠాలు పోల్పించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి కాబట్టి మనకు తెలుగు సాహిత్యం ఇంత మిగిలింది. అయితే ఒక తాటాకులో ఒక మాట, ఇంకో తాటాకులో ఇంకో మాట ఉన్నప్పుడు ఇదే ఉండాలని తేల్చిన పండితుడు ఏం ఆలోచించి తేల్చాడన్నది ఎవరు చెబుతారు?

మా దగ్గరా రోజూ జరిగే పంచాయితీ ఇదే. నేనొక వరస మార్చాను, డాలస్‌లో ఆవిడ అదే వరస ఇంకోలా మార్చింది. రెండు చోట్ల వేర్వేరు వరసలు మారితే గిట్ చప్పుడు చెయ్యకుండా కలిపేస్తుంది. ఒకే వరస రెండుచోట్లా మారితే మాత్రం చేతులెత్తేస్తుంది. బాణపు గుర్తులు వరసగా గీసి పైన నాది, మధ్యలో సమానపు గీతలు, కింద ఆవిడది, రెండూ ఫైల్లోనే పెట్టేసి పని ఆపుతుంది. ఏది సరైందో తనకు తెలుసని నటించదు, చివరొచ్చినవాళ్లదే నెగ్గాలనీ అనదు. ఇన్నేళ్లలో ఈ పనిముట్టు చేసే పనులన్నిట్లో నాకు గౌరవం కలిగించేది ఈ ఆగిపోవడమే. అక్కడ ఫోను చెయ్యాలి. ఆవిడకు రాత్రి తొమ్మిదవుతుంది, పిల్లను పడుకోబెడుతూ ఉంటుంది, "ఏందక్కా, మళ్లీ నా లైనే దొరికిందా" అంటుంది. ఇద్దరం మాట్లాడుకుని మూడోది ఒకటి రాస్తాం. ఆ కలిపిన కమిట్‌కు ఇద్దరు తల్లులు, ఇద్దరి నంబర్లూ లోపల ఉంటాయి. ఫోనులో ఏం మాట్లాడుకున్నామో మాత్రం ఉండదు, మేం రాస్తే తప్ప. ఓపికున్న రోజు రాస్తాం. లేని రోజు "కలిపాం" అంటాం.

గిట్‌లో ఒక వివరం చాలామంది వాడేవాళ్లే గమనించరు. ప్రతి కమిట్‌లోనూ పేరు గడులు రెండుంటాయి: రాసినవాళ్లు ఒకరు, ఎక్కించినవాళ్లు ఒకరు. తేదీలూ రెండే. లైనక్స్‌లో ఎవరో మెయిల్లో పంపిన మార్పును ఆ విభాగం పెద్ద తన ప్రతిలోకి ఎక్కిస్తే, రాసినవాడి పేరు రాసినవాడికే ఉంటుంది, ఎక్కించినవాడిది పక్క గడిలో. పైగా, లైనక్స్‌లోకి దొంగ కోడు చేరిందంటూ 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసి గొడవ చేశాక, 2004 నుంచి ఆ మార్పు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఒక్కొక్కరూ కింద పేరు పెట్టి సంతకం చేసే పద్ధతి వచ్చింది. దస్తావేజు చివర సాక్షులూ, వాళ్ల కింద దస్తావేజు రాసినవాడూ సంతకం పెట్టినట్టు. పెదనాన్న పేరు ఆ తాలూకాలో ఎన్ని పొలాల కాగితాల మీద ఉందో, ఒక్క సెంటు కూడా ఆయనది కాదు.

ఈ రెండు గడుల మాట తలచుకున్నప్పుడల్లా నాకు అద్దంకి గుర్తొస్తుంది. నన్నయ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన, ఆగిన చోటును ముట్టుకోకుండా, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలూ నెల్లూరులో ముగించాడు. మధ్యలో గుంట అట్లాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన ఆ గుంట పూడ్చాడు. తనను పోషించిన రాజుకు హరివంశం ఇచ్చాడు గానీ ఈ ముక్కను మాత్రం ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. నన్నయ నడకలో ఎత్తుకుని, పోనుపోను తిక్కన నడకలోకి జారాడని విమర్శకులు అంటారు. నన్నయ రచనే అనిపించేలా పూర్తిచేశానని చివర ఒక పద్యంలో చెప్పుకున్నాడు. నా లెక్కలో అది రెండు గడులూ నిజాయితీగా నింపిన కమిట్. రాసిన తీరు నన్నయది, ఎక్కించిన చెయ్యి నాది, అని ఎర్రన చెప్పినట్టు. పేరు దాచుకోవాలనుకున్న మనిషి కూడా అతుకు ఎక్కడుందో చూపించి పోయాడు.

ఇక్కడి పొలాల్లోనూ రెండు గడులున్నాయి. ఊళ్లో పొలాల సాగు లెక్క రాసే అడంగల్‌లో పట్టాదారు ఒక కాలమ్, అనుభవదారు ఒక కాలమ్. కాగితం గీసినవాడు ఎంత ఆలోచించి గీశాడో! పట్టా ఉన్నవాడే పండించాలని లేదని అతనికి తెలుసు. కానీ గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఎటుపోయినా మిరప, పత్తి వేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువ కనపడతారు, రెండో కాలమ్‌లో మాత్రం చాలాచోట్ల మళ్లీ పట్టాదారు పేరే. కౌలుదారు పేరు ఒకసారి పడితే రేపు హక్కు అడుగుతాడని ఆసామి భయం. 2011లో సాగుదారుల లైసెన్సు చట్టం తెచ్చారు, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, పదకొండు నెలల ఒప్పందం, కార్డు. దానికీ ఆసామి సంతకం కావాలి. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతలోకి దూరి తోటకు తోట ఎండబెట్టినప్పుడు, ఎకరానికి లక్షలు మందులకూ కౌలుకూ పోసినవాడు ఒకడు, నష్టం జాబితాలో పేరున్నవాడు ఇంకొకడు. అటువంటి పొలాలు మావైపూ ఉన్నాయి, పేరు డాలస్‌లో, చెమట చిలకలూరిపేట రోడ్డు పక్కన. పొలం సంగతిలో ఇంకో ఇబ్బంది. మా ప్రోగ్రాము చెడితే, బాగున్న పాత కమిట్‌కూ చెడిన కొత్త కమిట్‌కూ మధ్య సగానికి వెళ్లి పరీక్షించి, మళ్లీ సగానికి వెళ్లి, వెయ్యి మార్పుల్లో చెరిచినదేదో పది పరీక్షల్లో పట్టుకునే ఉపాయం ఉంది. పురుగు పట్టిన తోటలో ఏ మందు, ఏ విత్తనం, ఏ వారం వాన చెరిచిందో వెనక్కి వెళ్లి చూసేదెట్లా? ఆ ఏడు మళ్లీ రాదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆఫీసులో ఇదే అడంగల్ వేరే రూపంలో నడిచింది. గుంటూరు చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చిన కుర్రాళ్లు వారాలపాటు ఒక పని చేసేవాళ్లు. అవతలి దేశంలో కూర్చున్న పెద్దాయన వాళ్ల కమిట్‌లన్నీ నలిపి ఒకటిగా చేసి, తన పేరుతో క్లయింటు ప్రతిలోకి ఎక్కించేవాడు. స్క్వాష్ అంటారు దాన్ని. చరిత్ర శుభ్రంగా ఉండాలని కారణం చెప్పేవాడు. అబద్ధమేం కాదు. "ఫిక్స్", "మళ్లీ ఫిక్స్", "ఇదే లాస్ట్" అన్న కమిట్‌ల వరస చదవాలంటే నాకూ విసుగే. ఇంకా ఎవరికీ పంపని నా సొంత మార్పులను నేనూ నలుపుతాను, వరస మారుస్తాను, ముందే అంతా తెలిసినట్టు సర్దుతాను. దీన్ని రీబేస్ అంటారు. ఒకళ్లు నా ప్రతి తీసుకుని దానిమీద పని మొదలుపెట్టాక మాత్రం వెనకటిది ముట్టుకోకూడదన్నది వాడేవాళ్లలో ఉన్న కట్టుబాటు. యంత్రం ఆపదు, పెద్దమనిషి తరహాలో మనమే ఆగాలి. ఆ పెద్దాయన ఆగలేదని నా ఫిర్యాదు కాదు, వేరేవాళ్ల పేర్లు కింద ఒక వరసలో రాయడానికి చోటుండి కూడా రాయలేదని. ప్రమోషన్ల నాడు ఎవరెంత పనిచేశారో గిట్‌లోంచే లెక్క తీశారు. ఎర్రన చేసిందీ ఈయన చేసిందీ పైకి ఒకేలా ఉంటాయి, ఒకరి పనిలోకి ఇంకొకరి పేరు. ఎర్రన తన పేరు తగ్గించుకున్నాడు.

అయినా ఈ పేర్ల మీద ఇంత నమ్మకం పెట్టుకోవచ్చా? గిట్ ఎవరినీ గుర్తింపుకార్డు అడగదు. మొదటిసారి వాడేటప్పుడు నీ పేరేమిటి, ఈమెయిలేమిటి అంటుంది. నన్నయభట్టు అని కొట్టినా రాసుకుంటుంది. వేరే తాళంచెవితో సంతకం చేసే ఏర్పాటుంది గానీ చేసేవాళ్లు తక్కువ. మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి ఏడు ప్రాజెక్టు చూపించడానికి తెచ్చాడు, వాళ్లు నలుగురూ కలిసి చేసిందట. చరిత్ర తీస్తే మొత్తం ఎవరిదో రోల్ నంబరు మీద ఉంది. ఎవర్రా ఇతను అంటే, "సీనియర్ పెద్దమ్మా, పాసైపోయాడు. ల్యాబులో ఆ సిస్టమ్ ఆయన సెట్ చేసిందే" అన్నాడు తేలిగ్గా. నలభై అక్షరాల నంబర్లు, తెగని గొలుసు, టైము తోకతో సహా అన్నీ సవ్యంగా ఉన్నాయి, మనుషులే లేరు. వాడికది తప్పుగా అనిపించలేదు. వైవాకు కావలసింది రిపోర్టు, బైండింగు. పేర్లు దానిమీద ఉంటాయిగా అన్నాడు.

లైనక్స్‌కు మాత్రం గోడ అవతల కొంత వెలుగు పడింది. బిట్‌కీపర్ కాలం నాటి మూడేళ్ల మార్పులను థామస్ గ్లైక్స్‌నర్ గిట్ రూపంలోకి మార్చి విడిగా పెట్టాడు. కావాలనుకున్నవాళ్లు దాన్ని తెచ్చుకుని, 2005 ఏప్రిల్ నాటి ఎక్కింపుకు వెనక తగిలించుకోవచ్చు. ముందున్న గొలుసులో ఒక్క నంబరూ మారదు, తగిలించుకున్నవాళ్ల ప్రతిలో బ్లేమ్ 2002 దాకా వెళ్తుంది, టోర్వాల్డ్స్ ఖాతాలోంచి ఎవరి వరసలు వాళ్లకు వెళ్లిపోతాయి. దానికింకా వెనకవి పాత విడుదలల్లో, మెయిళ్లలో ఉన్నాయి. మా వడ్డీ లెక్కకు అట్లాంటిదేమైనా దొరుకుతుందేమోనని పాత సిస్టమ్ బ్యాకప్ కోసం ఇద్దరు ముగ్గురికి రాశాను, ఒకరు వెతుకుతానన్నారు. ఫోనులో పెదనాన్నకు ఈ తగిలించే సంగతి చెప్పాను, చుక్కల భూముల మనిషి కదా సంతోషిస్తాడని. అంతా విని, "బానే ఉంది. మధ్యలో అతుకేసినోడి సంతకం ఎక్కడ పడిద్ది?" అన్నాడు. చూసి చెబుతానని పెట్టేశాను. చూశాను. అతుకు వేసినప్పుడు గిట్ పాత కమిట్‌కు మారుగా ఇంకొకటి తయారుచేస్తుంది, తల్లి నంబరు ఒక్కటి మార్చి, రాసినవాళ్ల పేరూ ఎక్కించినవాళ్ల పేరూ తేదీలూ పాతవే దించేస్తుంది. అతికినవాళ్ల పేరుకు అందులో గడి లేదు. మళ్లీ ఫోను చేసి అదే చెప్పాను. "మరైతే రేపు కోర్టులో ఎవర్ని పిలుస్తారమ్మాయ్?" అన్నాడు.